డాంటే స్కార్నెక్కియా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉండే మనవాళ్ళు చాలామంది ఏటా ఫిబ్రవరిలో ఎవరో ఒకరింట్లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, చూస్తారు. ఆట పూర్తిగా అర్థం కాకపోయినా ఆటగాడు టామ్ బ్రేడీ పేరు తెలుసు, కోచ్ బిల్ బెలిచిక్ పేరూ తెలుసు. ఇక్కడ వాళ్ళిద్దరి వెనక పనిచేసిన మూడో మనిషి, డాంటే స్కార్నెక్కియా గురించి రాస్తున్నాను. ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళకి కూడా అర్థమవ్వాలని కొన్ని ప్రాథమిక విషయాలు మధ్యలో చెప్పుకుంటూ వెళ్ళాను. తెలిసినవాళ్ళు ఆ ముక్కలు దాటేయండి.

ఎవరీయన?

1948లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో, 36 సీజన్లు పనిచేస్తే అందులో 34 బోస్టన్ దగ్గరి టీమ్ న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియాట్స్‌తోనే. ఎక్కువ కాలం ఆఫెన్సివ్ లైన్ కోచ్. టీమ్‌లో అందరూ 'స్కార్' అని పిలిచేవాళ్ళు. ఒక్క సీజన్ కూడా పూర్తిస్థాయి హెడ్ కోచ్‌గా చెయ్యలేదు. అయినా ఆయన రిటైరైనప్పుడు బోస్టన్ అభిమానులు స్టార్ ఆటగాడు వెళ్ళిపోయినంత కంగారు పడ్డారు, అదీ రెండుసార్లు.

అసిస్టెంట్ కోచ్ అంటే హెడ్ కోచ్ పక్కన నిలబడే మనిషేనా?

అలా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎందుకంటే టీవీలో కనిపించేది అంతే. నిజానికి ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లో 53 మంది ఆటగాళ్ళుంటే, వాళ్ళకి నేర్పడానికి ఇరవైకి అటూ ఇటూగా కోచ్‌లు ఉంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకి ఒకరు, బంతి పట్టి పరిగెత్తేవాళ్ళకి ఒకరు, లైన్‌మెన్‌కి ఒకరు, కిక్‌లూ రిటర్న్‌లూ చూసే స్పెషల్ టీమ్స్‌కి ఒకరు, ఇలా. హెడ్ కోచ్ వారానికో ప్లాన్ వేస్తాడు, ప్రెస్‌తో మాట్లాడతాడు, గెలుపోటములకి జవాబు చెప్పుకుంటాడు. ఒక్కొక్క ఆటగాడి కాలు ఎక్కడ పడాలి, చెయ్యి ఎంత ఎత్తులో తగలాలి అని రోజూ దగ్గర నిలబడి సరిచేసేది మాత్రం ఈ పొజిషన్ కోచ్‌లే. మన క్రికెట్‌లో చెప్పాలంటే, 2014 నుంచి 2021 వరకు టీమిండియా ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్న హైదరాబాద్ ఆటగాడు ఆర్. శ్రీధర్ లాంటి పాత్ర. స్లిప్‌లో క్యాచ్ పట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, ఆ క్యాచ్‌లు పట్టించి పట్టించి అలవాటు చేసినవాడి పేరు ఎంతమందికి గుర్తుంటుంది?

ఆఫెన్సివ్ లైన్ ఏం చేస్తుంది?

బంతి చేతిలో ఉన్న టీమ్‌లో ముందు వరసలో వంగి నిలబడే ఐదుగురు. మధ్యలో సెంటర్, ఆయనకి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్స్. ఒక్కొక్కరూ మూడొందల పౌండ్లు, అంటే 136 కిలోలకి అటూ ఇటూ. మామూలుగా వీళ్ళు పాస్ పట్టకూడదు, రూలే ఒప్పుకోదు. చేయాల్సింది రెండే పనులు: క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేదాకా ఎదుటివాళ్ళు అతని మీద పడకుండా ఆపడం, పరిగెత్తేవాడికి దారి తెరవడం. క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొడితే దాన్ని సాక్ అంటారు. బాగా ఆడితే వీళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. రిఫరీ నోట వీళ్ళ నంబరు వినిపించిందంటే ఎవరినో పట్టుకుని లాగినందుకు పెనాల్టీ పడిందనే.

ఐదుగురిలో నలుగురు సరిగ్గా చేసి ఒక్కడు తప్పు అడుగు వేసినా ఆ ప్లే, అంటే ఆ విడత ఆట, పోయినట్టే. అందుకే లైన్ కోచింగ్‌ని ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన కోచింగ్ పనుల్లో ఒకటిగా లెక్కేస్తారు, నేనైతే అన్నిటికన్నా కష్టమైనదే అంటాను.

కెరీర్ ఎలా మొదలైంది?

పెద్ద కాలేజీ స్టార్ కాదు. కాలిఫోర్నియా వెస్టర్న్ అనే చిన్న యూనివర్సిటీలో గార్డ్‌గా ఆడారు, 1970లో అక్కడే కోచింగ్ మొదలుపెట్టారు. మెరైన్ కోర్ రిజర్వ్స్‌లో కూడా పనిచేశారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు సూట్‌కేసు బతుకు: ఐయోవా స్టేట్, డల్లాస్‌లోని సదర్న్ మెథడిస్ట్, పసిఫిక్, నార్తర్న్ అరిజోనా, మళ్ళీ సదర్న్ మెథడిస్ట్. కాలేజీ అసిస్టెంట్ కోచ్‌ల జీవితం అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. హెడ్ కోచ్ వెళ్ళిపోతే సామాన్లు సర్దుకోవడం, కొత్తాయన తీసుకుంటే ఉండడం, లేకపోతే ఫోన్లు చేసుకోవడం.

సదర్న్ మెథడిస్ట్ హెడ్ కోచ్ రాన్ మేయర్‌కి 1982లో ప్యాట్రియాట్స్ ఉద్యోగం వచ్చింది. ఆయన తనతోపాటు స్కార్నెక్కియాని స్పెషల్ టీమ్స్, టైట్ ఎండ్స్ (లైన్ పక్కన నిలబడి అడ్డుకుంటూ, పాస్‌లు కూడా పట్టేవాళ్ళు) కోచ్‌గా తీసుకెళ్ళారు. అదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి అడుగు.

మొదటి ఏడాదే ఆ మంచు మ్యాచ్ జరిగిందా?

అవును, 1982 డిసెంబర్ 12న, మయామీ డాల్ఫిన్స్‌తో, ప్యాట్రియాట్స్ సొంత మైదానం ఉన్న ఫాక్స్‌బరోలో. మంచు ఎంత కురిసిందంటే మైదానం మీద గీతలే కనపడలేదు. నాలుగో క్వార్టర్ దాకా 0-0. ప్యాట్రియాట్స్ ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నితే మూడు పాయింట్లు) కొట్టడానికి సిద్ధమయ్యాక మేయర్ పిలిస్తే, గీతల మీద మంచు తుడవడానికి పెట్టుకున్న చిన్న ట్రాక్టర్ మైదానంలోకొచ్చి, సరిగ్గా కిక్ కొట్టే చోట మంచు ఊడ్చేసి వెళ్ళిపోయింది. దాన్ని నడిపింది జైలు శిక్ష అనుభవిస్తూ పని కోసం బయటికొచ్చిన ఖైదీ. జాన్ స్మిత్ కిక్ కొట్టాడు, 3-0తో గెలిచారు. మయామీ కోచ్ డాన్ షూలా ఆ కోపం చాలా ఏళ్ళు మర్చిపోలేదు. ఆ రోజు స్పెషల్ టీమ్స్ కోచ్ ఎవరంటే మన స్కారే. చరిత్రలో మిగిలిన ఫీల్డ్ గోల్, క్రెడిట్ మాత్రం ట్రాక్టర్‌కి పోయింది!

హెడ్ కోచ్‌లు మారుతుంటే ఈయన ఉద్యోగం ఎలా నిలిచింది?

ఈ కెరీర్‌లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెడ్ కోచ్‌ని తీసేస్తే సాధారణంగా కింద ఉన్నవాళ్ళంతా పోతారు. కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, అందులో తప్పేమీ లేదు. స్కార్నెక్కియా మాత్రం ప్యాట్రియాట్స్‌లో ఆరుగురు హెడ్ కోచ్‌ల కింద చేశారు: రాన్ మేయర్, రేమండ్ బెర్రీ, డిక్ మాక్‌ఫర్సన్, బిల్ పార్సెల్స్, పీట్ క్యారల్, బిల్ బెలిచిక్. వీళ్ళ స్వభావాలు ఒకదానికొకటి పొంతన లేనివి. పార్సెల్స్ అరిచే మనిషి, క్యారల్ నవ్వుతూ తుళ్ళుతూ ఉండే మనిషి, బెలిచిక్ సంగతి చెప్పక్కర్లేదు.

తనని తెచ్చిన మేయర్‌ని 1984 సీజన్ మధ్యలో తీసేశారు. బెర్రీ వచ్చాడు, ఈయన్ని ఉంచుకున్నాడు. 1985 సీజన్‌లో టీమ్ మొదటిసారి సూపర్ బౌల్‌కి వెళ్ళి చికాగో చేతిలో 46-10తో చిత్తుగా ఓడింది. 1989, 1990 సీజన్లలో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి వెళ్ళారు, అక్కడ హెడ్ కోచ్ మళ్ళీ మేయరే. 1991లో ఫాక్స్‌బరోకి తిరిగొచ్చారు, ఇక 2013 దాకా కదల్లేదు.

ఆ తిరిగొచ్చిన మొదటి ఎనిమిదేళ్ళు చూస్తే రహస్యం కొంత తెలుస్తుంది. స్పెషల్ టీమ్స్ చూడమంటే చూశారు, టైట్ ఎండ్స్ చూడమంటే చూశారు, కొంతకాలం డిఫెన్స్ వైపు కూడా పనిచేశారు. నా హోదా ఏంటి, నా పేరు పక్కన ఏం రాస్తారు అని కూర్చునే మనిషి ఈ లీగ్‌లో అన్ని చేతులు మారేవాడు కాదు. ఏ పని ఇచ్చినా చేసే మనిషిని తీసేయడానికి కొత్త బాస్‌కి కారణం దొరకదు. కాకపోతే దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అలాంటివాడిని పైకి తీసుకెళ్ళడానికి కూడా ఎవరికీ తొందర ఉండదు. లైన్ పూర్తిగా ఆయన చేతికొచ్చింది 1999లో, యాభై దాటాక.

1992లో హెడ్ కోచ్‌గా చేశారంటారు, నిజమేనా?

కొన్ని వారాలు. మాక్‌ఫర్సన్‌కి జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితే టీమ్‌ని ఈయనకి అప్పగించారు. ఆ ఏడు ప్యాట్రియాట్స్ 16 మ్యాచ్‌లలో రెండే గెలిచింది, కాబట్టి ఎవరు నిలబడినా పెద్ద తేడా ఉండేది కాదు.

బెలిచిక్ కాలంలో లైన్ అంత గొప్పదా, లేక మంచి ఆటగాళ్ళని కొనుక్కున్నారా?

కొనుక్కోలేదు, అసలు విషయం అదే. 2004 సీజన్ చివర్లో మూడో సూపర్ బౌల్ గెలిచిన లైన్ చూడండి. కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు ఏటా వంతులవారీగా, రౌండ్ల లెక్కన ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. లెఫ్ట్ టాకిల్ మ్యాట్ లైట్ ఒక్కడే పై రౌండ్లలో, రెండో రౌండ్‌లో, తీసుకున్నవాడు. లెఫ్ట్ గార్డ్ జో ఆండ్రూజీని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. సెంటర్ డాన్ కోపెన్ ఐదో రౌండ్. రైట్ టాకిల్ బ్రాండన్ గోరిన్ ఏడో రౌండ్, అంటే ఆఖరి రౌండ్. రైట్ గార్డ్ స్టీఫెన్ నీల్ సంగతి కింద చెప్తాను, అది ఇంకా వింత. జీతాల మీద లీగ్ పరిమితి ఉంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. లైన్ మీద డబ్బు మిగిలితే ఆ డబ్బు ఇంకోచోట పెట్టొచ్చు. బెలిచిక్ అంత ధైర్యంగా అలా చేయగలిగాడంటే చేతిలో స్కార్ ఉన్నాడు కాబట్టే అని నా అభిప్రాయం.

దానికి ముందు ఏడాది, 2003 సీజన్ ప్లేఆఫ్‌లలో, బ్రేడీని ఒక్కసారి కూడా సాక్ చేయలేకపోయారు. గాయపడ్డ డేమియన్ వుడీ స్థానంలో రస్ హాక్‌స్టీన్ అనే రిజర్వ్ ఆటగాడు దిగాడు. ఇతను బ్లాక్ చేయడమేంటి అని వారెన్ సాప్ లాంటి పెద్ద డిఫెన్స్ స్టార్ బహిరంగంగానే వెక్కిరించాడు. సూపర్ బౌల్‌లో ఎదురుగా కరొలైనా పాంథర్స్ ఫ్రంట్ లైన్, లీగ్‌లో భయపెట్టే వాటిలో ఒకటి. సాక్‌లు సున్నా.

స్టీఫెన్ నీల్ కథ ఏంటి?

కాలేజీలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. అతను కుస్తీవీరుడు. కాల్ స్టేట్ బేకర్స్‌ఫీల్డ్ తరఫున రెండుసార్లు జాతీయ కాలేజీ చాంపియన్, 1999లో ఫ్రీస్టైల్ ప్రపంచ చాంపియన్ కూడా. ఆ ఏడాది కాలేజీ ఫైనల్‌లో అతను ఓడించింది ఎవర్నో తెలుసా, తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈలో మనం టీవీకి అతుక్కుపోయి చూసిన బ్రాక్ లెస్నర్‌ని. 2001లో ప్యాట్రియాట్స్‌కి వచ్చేటప్పటికి అతనికి పొజిషన్లు, ప్లే పేర్లు సరిగ్గా తెలియవు. బలం ఉంది, బ్యాలెన్స్ ఉంది, ఎదుటి మనిషి బరువు ఎటు వాలుతోందో ఒంటికి తెలుస్తుంది. మిగతాదంతా నేర్పాలి. ఆ మిగతాదంతా నేర్పారు. నీల్ 2010 సీజన్ దాకా ఆడాడు, మూడు సూపర్ బౌల్ ఉంగరాలతో (గెలిచిన టీమ్‌కి ఇచ్చేవి) ఇంటికెళ్ళాడు.

ఇలాంటిదే సెబాస్టియన్ వోల్మర్ కథ కూడా. జర్మనీ కుర్రాడు, పద్నాలుగేళ్ళకి ఈ ఆట మొదలుపెట్టాడు. 2009లో ప్యాట్రియాట్స్ అతన్ని రెండో రౌండ్‌లో తీసుకుంటే ఇంత ముందెందుకని చాలామంది నవ్వారు. కొద్ది వారాల్లోనే మొదటి వరసలో ఆడుతున్నాడు.

ఆయన నేర్పే పద్ధతిలో ప్రత్యేకత ఏంటి?

కొత్త టెక్నిక్ ఏదో కనిపెట్టిన మనిషి కాదు, కాబట్టి మాయ కోసం వెతికితే నిరాశపడతారు. లైన్‌మన్‌లో ఆయన వెతికేవి మూడు, ఇంటర్వ్యూలలో చాలాసార్లు చెప్పారు: తెలివి, గట్టితనం, సరిపడా చురుకుదనం. మూడోదానిలో 'సరిపడా' అన్న మాట గమనించండి. అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు అక్కర్లేదు, పని జరిగేంత ఉంటే చాలు. మొదటి రెండూ లేకపోతే మాత్రం కుదరదు, ఎందుకంటే బంతి కదలడానికి ముందు రెండు మూడు సెకన్లలో ఎదుటి డిఫెన్స్ ఎక్కడినుంచి దాడి చేస్తుందో పసిగట్టి ఐదుగురూ ఒకే మాట మీద ఉండాలి.

ఇక ప్రాక్టీస్. అడుగులు, చేతులు, తల స్థానం, మళ్ళీ అడుగులు. పదేళ్ళ సీనియర్ అయినా, నిన్న వచ్చిన కుర్రాడైనా అవే డ్రిల్స్, అదే స్వరంతో తిట్లు. గొంతు గట్టిది, మాట కటువు, మెరైన్ రిజర్వ్స్ వాసన పోలేదు. ప్రాక్టీస్ అయ్యాక అందరూ షవర్‌కి పోతుంటే లైన్‌మెన్ మాత్రం ఇంకా పరిగెడుతూ ఉండేవాళ్ళు. ఆ అదనపు పరుగుల్ని వాళ్ళు అసహ్యించుకున్నారు, రిటైరయ్యాక ఆయన గురించి అడిగితే మాత్రం గొంతులో గౌరవం తప్ప ఇంకేమీ వినపడదు. నాకు ఈ రకం శిక్షణ మీద కొంచెం అనుమానం ఉంది, అరుపు లేకుండా కూడా నేర్పొచ్చని నమ్ముతాను, కానీ ఇక్కడ ఫలితం ముందు నా వాదన నిలవదు.

ఓటములు లేవా?

ఎందుకు లేవు. పెద్దది 2008 ఫిబ్రవరి 3న. ఆ సీజన్ 16-0, ఒక్క మ్యాచ్ ఓడలేదు. లైన్ నుంచే ముగ్గురు ప్రో బౌల్‌కి, అంటే లీగ్ స్టార్ల మ్యాచ్‌కి, ఎంపికయ్యారు: లైట్, మాంకిన్స్, కోపెన్. సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ డిఫెన్స్ ఆ లైన్‌నే పట్టి కుదిపేసింది. బ్రేడీ ఐదుసార్లు సాక్ అయ్యాడు, 17-14తో పోయింది. స్కార్ జీవితంలో అత్యుత్తమ లైన్ అత్యంత అవసరమైన రాత్రి విఫలమైంది. పదేళ్ళ తర్వాత 2018 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాతో ఇంకోటి. బ్రేడీ 505 గజాలు విసిరాడు. ఆ మ్యాచ్‌లో అతను సాక్ అయింది ఒక్కసారే, కాకపోతే ఆ ఒక్కటీ ఆఖరి నిమిషాల్లో, బంతి చేజారి మ్యాచ్ పోయే చోట.

రిటైరై మళ్ళీ ఎందుకు వచ్చారు?

2013 సీజన్ అయ్యాక, 65 దాటాక, ఇక చాలన్నారు. వెళ్ళిపోయినా కాలేజీ లైన్‌మెన్‌ని పరిశీలించి చెప్పే పనిలో టీమ్‌కి సాయం చేస్తూనే ఉన్నారు. ఆయన స్థానంలో డేవ్ డిగూలియెల్మో వచ్చాడు. 2016 జనవరిలో డెన్వర్‌లో జరిగిన ఏఎఫ్‌సీ ఫైనల్‌లో, అంటే సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్‌లో, బ్రేడీ ఇరవైసార్లు దెబ్బ తిన్నాడు, 20-18తో ఓడారు. కొద్ది రోజులకే డిగూలియెల్మోని తీసేశారు, 68వ పుట్టినరోజు దగ్గర పడుతున్న స్కార్‌ని వెనక్కి పిలిచారు.

ఇక్కడ అభిమానులు ఒక మాట మర్చిపోతారు. 2014 సీజన్ సూపర్ బౌల్‌ని ప్యాట్రియాట్స్ గెలిచింది డిగూలియెల్మో ఉండగానే. 2015లో లైన్ మొత్తం గాయాలతో చెల్లాచెదురైంది, లెఫ్ట్ టాకిల్ నేట్ సోల్డర్ సీజన్ మొదట్లోనే దూరమయ్యాడు. ఆ రెండేళ్ళ కష్టమంతా ఒక్క మనిషి మీద రుద్దడం అన్యాయం.

అయినా తేడా కనపడింది, కాదనలేం. డెన్వర్ మ్యాచ్‌లో అందరూ తిట్టిపోసిన రైట్ టాకిల్ మార్కస్ కానన్, మరుసటి సీజన్‌లో ఆల్-ప్రో, అంటే లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ళ, రెండో జట్టులోకి ఎక్కాడు. షాక్ మేసన్ కాలేజీలో ఎప్పుడూ పరుగు ఆటే ఆడే జార్జియా టెక్ నుంచి వచ్చాడు, పాస్ కాపాడటం దాదాపు కొత్త. అతను లీగ్‌లో మంచి గార్డ్‌లలో ఒకడయ్యాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని డేవిడ్ ఆండ్రూస్ సెంటర్‌గా స్థిరపడి తర్వాత కెప్టెన్ కూడా అయ్యాడు. తిరిగొచ్చిన మొదటి సీజన్‌లోనే 28-3 వెనకబడి 34-28తో గెలిచిన ఆ హ్యూస్టన్ సూపర్ బౌల్.

క్రెడిట్ అంతా బ్రేడీది కాదా? అతను బంతి తొందరగా వదిలేస్తాడు కదా.

న్యాయమైన ప్రశ్న. బ్రేడీ రెండు సెకన్లు దాటగానే బంతి వదిలేసేవాడు, అలాంటి క్వార్టర్‌బ్యాక్ ఉంటే ఏ లైన్ అయినా అసలుకన్నా బాగా కనిపిస్తుంది. సాక్‌ల లెక్క ఒక్కటే చూసి స్కార్ గొప్పవాడు అంటే నేను ఒప్పుకోను.

డబ్బు లెక్క చూడండి, అది ఎక్కువ నిజం చెప్తుంది. 2018లో సోల్డర్‌ని జెయింట్స్ నాలుగేళ్ళకి 6.2 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుపోయింది. ప్యాట్రియాట్స్ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ట్రెంట్ బ్రౌన్‌ని తెచ్చింది, ఏడో రౌండ్ ఆటగాడు, ఆరడుగుల ఎనిమిదంగుళాల కొండ, అప్పటిదాకా ఎక్కువగా రైట్ సైడ్ ఆడినవాడు. మొదటి రౌండ్‌లో తీసుకున్న ఐజయా విన్ ప్రీ సీజన్‌లోనే గాయపడితే బ్రౌన్‌ని లెఫ్ట్ టాకిల్‌లో నిలబెట్టారు. ఏడాది తిరక్కుండా ఉంగరం, ఆ వెంటనే రైడర్స్ నుంచి 6.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. వెళ్ళిన చోట సోల్డర్ ఫాక్స్‌బరోలో ఆడినంత బాగా ఆడలేదు. దీనికి బ్రేడీ ఒక్కడే కారణమని వాదించొచ్చు, నాకైతే నమ్మబుద్ధి కాదు.

మరి హెడ్ కోచ్ ఎందుకు కాలేదు?

ఆ వెంట పరిగెత్తిన దాఖలాలు లేవు. చాలామంది కోచ్‌లకి పొజిషన్ కోచ్ పని ఒక మెట్టు. అక్కణ్ణుంచి కోఆర్డినేటర్ (ఆఫెన్స్ మొత్తమో డిఫెన్స్ మొత్తమో చూసేవాడు), అక్కణ్ణుంచి హెడ్ కోచ్. ఈయన కోఆర్డినేటర్ కూడా కాలేదు, పేరుకి 'అసిస్టెంట్ హెడ్ కోచ్' అన్న హోదా మాత్రం ఉండేది. మంచి ఉపాధ్యాయుణ్ణి హెడ్మాస్టర్‌ని చేస్తేనే గౌరవించినట్టు అనుకునే అలవాటు మనకీ ఉంది, వాళ్ళకీ ఉంది. 36 సీజన్లు ఉద్యోగం నిలుపుకున్న మనిషిని పట్టుకుని 'పైకి ఎందుకు ఎదగలేదు' అని అడగడమే నాకు వింతగా ఉంటుంది.

ఎన్ని ఉంగరాలు? ఏ గౌరవాలు వచ్చాయి?

ప్యాట్రియాట్స్ కోచ్‌గా పది సూపర్ బౌల్స్ చూశారు, ఐదు గెలిచారు, ఐదు ఓడారు. గెలిచినవి 2001, 2003, 2004, 2016, 2018 సీజన్లవి. 2023లో ప్యాట్రియాట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. క్యాంటన్‌లో ఉన్న అసలు ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం అసిస్టెంట్ కోచ్‌ల విషయంలో చాలా పిసినారి. డిఫెన్స్ మేధావి డిక్ లెబో అక్కడ ఉన్నాడు, కానీ 2010లో అతన్ని తీసుకున్నది ఆటగాడిగా.

రెండోసారి ఎప్పుడు రిటైరయ్యారు?

2020 జనవరిలో, 71 ఏళ్ళ వయసులో. ఆ నెల మొదట్లో టెనెసీ టైటన్స్ చేతిలో 20-13తో సొంత మైదానంలోనే ఓడారు. ప్యాట్రియాట్స్ జెర్సీలో బ్రేడీకి కూడా అదే ఆఖరి మ్యాచ్.

ఆయన పనితనం చూడాలంటే ఏ మ్యాచ్ చూడాలి?

2019 జనవరి 20, కాన్సస్ సిటీ చీఫ్స్‌తో ఏఎఫ్‌సీ ఫైనల్. ఆ సీజన్‌లో చీఫ్స్ డిఫెన్స్ 52 సాక్‌లు చేసింది, లీగ్‌లో పిట్స్‌బర్గ్‌తో సమానంగా అందరికన్నా ఎక్కువ. ఆరోహెడ్ స్టేడియంలో పక్కవాడి మాట వినపడదు, పైగా ఎముకలు కొరికే చలి. ప్యాట్రియాట్స్ 94 ప్లేలు ఆడింది, బ్రేడీ ఒక్కసారి కూడా సాక్ కాలేదు, పరుగు ఆటలో 176 గజాలు, ఓవర్‌టైమ్‌లో 37-31. హైలైట్స్ క్లిప్‌లో గ్రాంకౌస్కీ, ఎడెల్‌మన్ క్యాచ్‌లే చూపిస్తారు కాబట్టి వీలైతే పూర్తి మ్యాచ్ వెతికి పట్టుకోండి. బంతిని వదిలేసి, ప్రతి ప్లేలో మొదటి రెండు సెకన్లు 77వ నంబరు వేసుకున్న ట్రెంట్ బ్రౌన్ కాళ్ళు మాత్రమే చూడండి.